నల్లకుంటలో ముప్పై ఏళ్ల అపార్ట్‌మెంట్: సంతకానికి ముందు మూడుసార్లు వెళ్లి చూశాను

ఫ్లాట్ నంబరు 203. రెండు పడక గదులు, 1,050 చదరపు అడుగులు, అద్దె 18,000, మెయింటెనెన్స్ 2,000. బిల్డింగ్ హైదరాబాద్ నల్లకుంట కూరగాయల మార్కెట్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక సందు చివర ఉంది. కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, మొత్తం 16 ఫ్లాట్లు. గేటు పక్కన పాలరాతి ఫలకం మీద 1994 అని చెక్కి ఉంది. బిల్డింగ్ పేరు మాత్రం రాయను. ఇప్పుడు మేం అక్కడే ఉంటున్నాం, పక్కవాళ్ల ఇంటి సంగతులు కూడా ఇందులో కొన్ని వస్తాయి.

దీనికి ముందు నేనూ మా అమ్మా మూడేళ్లు వేరే చోట, ఒక పాత అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉన్నాం. ఆ ఇంటిని ఏప్రిల్‌లో ఒక ఆదివారం పదకొండింటికి చూసి, అరగంటలో అడ్వాన్స్ ఇచ్చేశాను. జూలైలో అమ్మ పడుకునే గదిలో స్లాబు నుంచి నీళ్లు కారడం మొదలైంది. మంచం ఒకసారి ఆ మూలకు, ఒకసారి ఈ మూలకు జరిపేవాళ్లం. గోడంతా నల్లగా బూజు పట్టింది. వానాకాలం వచ్చిందంటే అమ్మకు దగ్గు. ఓనరుకు ఎప్పుడు ఫోన్ చేసినా ‘పాత బిల్డింగ్ అంటే ఇట్లనే ఉంటది మేడమ్’ అనేవారు. ఖాళీ చేసిన రోజు, ఆ చెమ్మకే పాడైన గోడలకు రంగు వేయించాలని మా అడ్వాన్స్‌లో 22,000 పట్టుకున్నారు. డబ్బు పోయినందుకన్నా ఆ మాటకే నాకు ఎక్కువ బాధ కలిగింది. పాత బిల్డింగ్ అంటే అట్లాగే ఉండాలని ఎక్కడా లేదు.

నేను ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. మా అమ్మ నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పుట్టి పెరిగింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయినవాళ్లను చిన్నప్పటి నుంచీ దగ్గరగా చూసింది. ఈసారి ఇల్లు వెతకడానికి బయల్దేరిన రోజు ఆమె నాకు ఒకటే మాట చెప్పింది. ‘బిడ్డా, గదులు తర్వాత చూద్దువు గాని, నీళ్లు ఏడికెళ్లి వస్తున్నయో, ఏడికి పోతున్నయో ముందు చూడు.’ ఆ మాట పట్టుకునే ఈ బిల్డింగ్‌ను చూశాను.

మొదటిసారి ఆగస్టు ఆఖర్లో, ఆదివారం సాయంత్రం నాలుగింటికి వెళ్లాం. బ్రోకర్ రెండు ఫ్లాట్లు చూపించాడు. నాలుగో అంతస్తులో 402, రెండో అంతస్తులో 203. రెండూ ఒకే ప్లాను. 402కి అద్దె 1,500 తక్కువ, పైగా అప్పుడే రంగులు వేశారు. 203లో పాత రంగు, గోడల నిండా మేకుల గుర్తులు. బ్రోకర్ మమ్మల్ని ముందు 402కే తీసుకెళ్లాడు.

ప్లాను చూడగానే మనసుకు నచ్చింది. తలుపు తీస్తే హాల్లోంచి వెనక బాల్కనీ దాకా గాలి సాగిపోతుంది. వంటింట్లో కడప బండ అరలు, పైన సామాన్లకు అటక, టేకు తలుపులు, నేలకు మొజాయిక్. అమ్మ చెప్పులు విడిచి హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. నున్నటి టైల్స్ మీద ఆమెకు కాలు జారుతుందని భయం, ఇక్కడ చేతికర్ర ఆన్చకుండానే నడిచింది. ఇదే అద్దెకు కొత్త అపార్ట్‌మెంట్లలో మేం చూసిన రెండు ఇళ్లలో మంచం వేస్తే బీరువా తలుపు పూర్తిగా తెరుచుకునే చోటు లేదు. ఈ గదుల వైశాల్యం కోసమే పాత బిల్డింగ్‌లు వెతుక్కుంటున్నాను.

కానీ 402లో రంగు వేసిన తీరు నాకు అనుమానంగా అనిపించింది. మూడు గోడలకు పలుచగా ఒక కోటు. బాల్కనీ పక్క గోడకూ, దాని పైన సీలింగ్ మూలకూ మాత్రం మందంగా రెండు మూడు కోట్లు పడ్డాయి. ఐదు రూపాయల బిళ్ల తీసి గోడ మీద కొట్టి చూశాను. మంచి ప్లాస్టర్ గట్టిగా టక్కుమంటుంది. ఆ మూలకు వచ్చేసరికి డొల్లగా పలికింది, అంటే లోపల ప్లాస్టర్ గోడను వదిలేసింది. ‘చిన్న ప్యాచ్ మేడమ్, ఏం కాదు’ అన్నాడు బ్రోకర్. నేను టెర్రస్ తాళం అడిగాను.

తాళం దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది, ఆగాను. పై అంతస్తు ఫ్లాటు తీసుకోవాలనుకునేవాళ్లు టెర్రస్ ఎక్కకుండా మాత్రం మాట ఇవ్వకండి. సరిగ్గా 402 హాలు పైన పెద్ద నల్లటి మరక, దాని మీద ఎండిన నాచు. వాన నీళ్లు రోజుల తరబడి అక్కడే నిలుస్తున్నాయి. నీళ్లు దిగాల్సిన గొట్టం మూతి వేపాకులతో పూడిపోయింది. పిట్టగోడకు బయటివైపు, గొట్టం అతుకు దగ్గర, జానెడు రావి మొక్క. పక్షి వేసిన గింజ ఎక్కడైనా పడుతుంది, కానీ మొక్క నిలిచిందంటే దాని వేరుకు ఆ గోడలోంచి తడి అందుతోందనే అర్థం.

తడి గురించి ఇంత ఎందుకు పట్టించుకుంటున్నానో చెప్తాను. కాంక్రీటుకు క్షార గుణం ఎక్కువ, కొత్తగా పోసినప్పుడు దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆ క్షారంలో ఉన్నంత కాలం లోపలి ఇనుప చువ్వ మీద పలుచటి రక్షణ పొర ఉంటుంది, తుప్పు పట్టదు. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి చేరి ఆ క్షారాన్ని తగ్గిస్తూ వస్తుంది. ముప్పై ఏళ్లకు ఆ మార్పు చువ్వ దాకా చేరి ఉండవచ్చు. అప్పటికీ కాంక్రీటు పొడిగా ఉంటే పెద్ద నష్టం ఉండదు. నీళ్లు తగిలాయా, చువ్వకు తుప్పు మొదలవుతుంది. తుప్పు తను తిన్న ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుంచే పగిలి పెచ్చులూడుతుంది. అందుకే బిల్డింగ్ ఎప్పుడు కట్టారనే ప్రశ్నతో ఆగిపోతే లాభం లేదు, ఇన్నేళ్లూ దాన్ని తడి నుంచి ఎవరు కాపాడుతున్నారో కనుక్కోవాలి. 402 నెత్తి మీద ఆ కాపలా లేదు. దాన్ని అక్కడే వదిలేశాను.

కిందికి దిగాక పార్కింగ్ స్తంభాలు ఒక్కొక్కటే చుట్టూ తిరిగి చూశాను. ఇలాంటి బిల్డింగ్‌లకు కింది అంతస్తులో గోడలు ఉండవు, బరువంతా స్తంభాలే మోస్తాయి. 2001లో గుజరాత్ భూకంపం వచ్చినప్పుడు అహ్మదాబాద్‌లో ఇట్లా పార్కింగ్ మీద కట్టిన అపార్ట్‌మెంట్లు చాలా కూలాయి. హైదరాబాద్‌కు భూకంపం భయం తక్కువే, అయినా స్తంభం చెడితే కూలడానికి భూకంపమే రానక్కర్లేదు. మెట్ల పక్క స్తంభం అడుగున మోకాలెత్తు కొత్త సిమెంటు కనిపించింది. అసోసియేషన్ సెక్రటరీ గారిని అడిగితే ఆయన ఫోన్‌లో ఫొటోలు తీసి చూపించారు. చెడిన కాంక్రీటు చువ్వ దాకా చెక్కేసి, తుప్పు గోకి, పూత పూసి, చుట్టూ చెక్క పెట్టి మళ్లీ కాంక్రీటు పోశారు. ఇంజనీరు ఇచ్చిన కాగితం, ఖర్చు లెక్క కూడా నోటీసు బోర్డు మీదే అంటించి ఉన్నాయి. పైపైన ప్లాస్టర్ మెత్తి ఉంటే నేను ఆ గేటు దాటి బయటికి వచ్చేసేదాన్ని. ఇక్కడ దాపరికం లేదు. మరి టెర్రస్ ఎందుకు అట్లా వదిలేశారని అడిగాను. పై అంతస్తు వాళ్లు ఒకరు వాటా డబ్బు ఇవ్వక రెండేళ్లుగా ఆగిపోయిందట. ఆ జవాబు నాకు నచ్చలేదు గానీ, అబద్ధం మాత్రం చెప్పలేదు.

రెండోసారి మంగళవారం తెల్లవారుజామున ఐదున్నరకు వెళ్లాను. ఆ సందులో మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయనీ, మంగళవారం వచ్చే రోజనీ వాచ్‌మన్ భార్య చెప్పింది. నగరానికి నీళ్లు సరఫరా చేసే జలమండలి నీళ్లను హైదరాబాద్‌లో మేమంతా మంజీరా నీళ్లనే అంటాం. కృష్ణా, గోదావరి నీళ్లు నగరానికి వచ్చాక కూడా ఆ పేరు మారలేదు. సంపు మూత తీయించి టార్చి వేసి చూశాను. అడుగు కనిపించింది, పైన తెట్టె లేదు, గోడల అతుకుల్లో వేర్లు లేవు. ఆరు నెలలకోసారి కడిగిస్తారట, మొన్న కడిగించిన తేదీ సున్నంతో గోడ మీద రాసి ఉంది.

బోరు నీళ్లకు వేరే ట్యాంకు, మంజీరాకు వేరే ట్యాంకు. వంటింటి కుళాయికి మంజీరా లైను విడిగా వస్తుంది, బాత్రూములకు బోరు. చాలా పాత బిల్డింగ్‌లలో రెండూ ఒకే సంపులో కలిసిపోతాయి. ఇక్కడ మొదటి నుంచీ విడిగా వేశారు, దీనికి నేను చాలా మార్కులు వేస్తాను. నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపే టీడీఎస్ మీటర్ నా దగ్గర ఉంది, అది పెట్టి చూస్తే మంజీరా 230, బోరు 1,140 చూపించింది. మన దేశంలో తాగే నీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. అయితే ఆ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి, కరిగిన లవణాలను అంచనా వేస్తుందంతే. ఫ్లోరైడ్ ఎంత ఉందో చెప్పదు, సూక్ష్మక్రిములు ఉన్నాయో లేదో అసలు చెప్పదు. మీటర్‌లో చిన్న అంకె వచ్చింది కదా అని కుళాయి నీళ్లు అట్లాగే తాగేయకండి. అమ్మ మాత్రం బోరు నీళ్లు చేతిలో పోసుకుని, వేళ్ల మధ్య రుద్ది, ‘ఈ నీళ్లకు పప్పు ఉడకది’ అంది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో పప్పు నిజంగానే సరిగా ఉడకదు.

తర్వాత 203లో బకెట్ పెట్టాను. పదిహేను లీటర్ల బకెట్ వంటింటి కుళాయి కింద నిమిషం ఇరవై సెకన్లలో నిండింది. బాత్రూంలో అదే బకెట్‌కు నాలుగు నిమిషాలు పట్టింది, పైగా మొదటి చెంబెడు నీళ్లు ఎర్రగా వచ్చాయి. వంటింటి లైను మార్చి కొత్త ప్లాస్టిక్ పైపు వేశారు. బాత్రూంలో ఇంకా 1994 నాటి జీఐ పైపే, అంటే జింకు పూసిన ఇనుప పైపే ఉంది. పైన పూసిన జింకు అరిగిపోయాక లోపల తుప్పు, లవణం కలిసి పేరుకుని, అంగుళం పైపులో పెన్సిల్ దూరేంత దారే మిగులుతుంది. సాయంత్రం నాలుగింటికి వెళ్తే ఇది తెలియదు. పొద్దున పదహారు ఇళ్లలోనూ కుళాయిలు తిరిగే వేళ వెళ్తేనే తెలుస్తుంది.

నీళ్లు ఏడికి పోతున్నయో చూడాలి కదా. అదే బకెట్ బాత్రూం నేల మీద గుమ్మరించాను. నీళ్లు నహానీ ట్రాప్ (వాసన పైకి రాకుండా కాసిని నీళ్లు నిలిచి ఉండే నేల తూము) వైపు చక్కగా పారాయి, మూలల్లో నిలవలేదు. వంటింటి సింకు కింద తలుపు తీసి వాసన చూశాను. చాలా రోజులు మూసి ఉంచిన ఇంట్లో ట్రాపులో నీళ్లు ఆరిపోయి డ్రైనేజీ వాసన వస్తుంది, నీళ్లు పోస్తే పదినిమిషాల్లో తగ్గాలి. ఇక్కడ తగ్గింది. తగ్గకపోతే అది నీళ్లతో పోయే జబ్బు కాదు, పైపులో ఎక్కడో పగులు ఉందని అనుకోవాలి.

203కి ఉన్న అసలు సమస్య ఆ పొద్దున్నే కనిపించింది. పెద్ద బాత్రూం సీలింగ్ మీద తట్టంత గుండ్రటి మరక, మధ్యలో తెల్లటి ఉప్పు పూత, ఒక నీటి చుక్క. పైన 303లో ఎవరో స్నానం చేస్తున్నట్టున్నారు, నేను చూస్తుండగానే చుక్క కిందపడింది. నాకు పాత ఇల్లు గుర్తొచ్చి కాళ్లలో బలం పోయింది. కానీ వెనక్కి వచ్చేయలేదు, పైకి వెళ్లి 303 తలుపు కొట్టాను.

తలుపు తీసింది రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. సంగతి చెప్పగానే ‘లోపలికి రా అమ్మా’ అని కూర్చోబెట్టారు. ‘కారేది మా బాత్రూం నుంచే, నాకు తెలుసు. టైల్స్ తీసి, కింద పైపు మార్చి, వాటర్‌ప్రూఫింగ్ చేయాలంటే డెబ్బై ఐదు వేలు అవుతుందన్నారు. కింది ఆయన సగం పెట్టుకుంటే నేను రేపే పని మొదలుపెట్టిస్తా. రెండేళ్ల నుంచి అడుగుతున్నా’ అన్నారు. 203 ఓనరు అమెరికాలో ఉంటారు, ఇక్కడి పనులు వాళ్ల తమ్ముడు చూసుకుంటారు. ఆ రెండేళ్లలో ఈ ఇద్దరి మధ్యా మాట కుదిర్చినవాళ్లు లేరు. అపార్ట్‌మెంట్‌లో మన సీలింగ్ బాగుండటం పైవాళ్ల నేల మీద, పైవాళ్ల మనసు మీద ఆధారపడి ఉంటుంది. ఇల్లు చూసినప్పుడు పై ఫ్లాటు వాళ్లతో పది నిమిషాలు మాట్లాడితే, బ్రోకర్ ఎన్నిసార్లు తిప్పినా తెలియని సంగతి తెలుస్తుంది.

ఓనరు తమ్ముడితో ఫోన్‌లో స్పష్టంగా చెప్పాను. 303 పని పూర్తయ్యాకే సంతకం, అప్పటిదాకా ఒక నెల అద్దె టోకెన్‌గా ఇస్తాను, పని జరగకపోతే టోకెన్ వాపసు, ఈ మాటలన్నీ వాట్సాప్‌లో రాసి పంపాలి. ఆయన ఒకరోజు ఆలోచించి ఒప్పుకున్నారు. అద్దె తగ్గించమని అడిగితే వెయ్యో పదిహేను వందలో తగ్గేదేమో. నేను అది అడగలేదు, రిపేరే అడిగాను. తగ్గిన వెయ్యి రూపాయలు కారే సీలింగ్‌ను ఆపవు.

పనికి మూడు వారాలు పట్టింది. టైల్స్ వేసే ముందు 303 బాత్రూం నేలంతా నీళ్లు నిలబెట్టి రెండు రోజులు ఉంచారు. ఆ రెండో రోజు సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా వెళ్లి 203లో స్టూలు ఎక్కి సీలింగ్‌ను అరచేత్తో తడిమాను. పాత మరక అట్లాగే ఉంది గానీ చెయ్యి తడవలేదు.

మూడోసారి వెళ్లింది ఆ మూడు వారాల మధ్యలోనే. సెప్టెంబరులో ఒక రాత్రి బాగా వాన కురుస్తుంటే తొమ్మిదిన్నరకు ఆటో ఎక్కాను. అమ్మ వద్దంది, వినలేదు. నల్లకుంట మీదుగా హుస్సేన్‌సాగర్ నాలా పోతుంది. 2020 అక్టోబరు వానలకు ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లు మునిగాయో హైదరాబాద్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. వాచ్‌మన్ భార్య తన గది గోడ మీద వేలు పెట్టి ఒక గీత చూపించింది, నా నడుము కన్నా కొంచెం కింద. ‘ఆ రాత్రి పిల్లల్ని ఎత్తుకుని మెట్ల మీద కూర్చున్నం మేడమ్. కుట్టు మిషను ఒక్కటే కాపాడుకున్న’ అంది. ఆమెది వనపర్తి వైపు. ఆ తర్వాత అసోసియేషన్ వాళ్లు కరెంటు మీటర్ల బోర్డును మనిషెత్తు పైకి మార్చారు, గేటు దగ్గర సిమెంటుతో కట్టలాగా ఎత్తు చేశారు, వాచ్‌మన్ గది నేలను రెండడుగులు లేపారు. ఆ చివరి పని చూసి ఈ అసోసియేషన్ మీద నాకు గౌరవం కలిగింది.

ఆ రాత్రి సందులో చీలమండ దాకా నీళ్లు పారుతున్నాయి, పార్కింగ్‌లోకి మాత్రం రాలేదు. డ్రైనేజీ ఛాంబర్ మూత దగ్గర బుడగలు వచ్చి వాసన కొట్టింది. ఇది ఈ బిల్డింగ్‌కు ఉన్న పెద్ద లోపం, వానాకాలం అంతా ఉంటుంది. వెనక మూల పల్లంగా ఉంది, అక్కడ స్కూటర్ పెట్టకూడదని అప్పుడే అనుకున్నాను. కారుంటే ఈ బిల్డింగ్ మీకు పనికిరాదు, పదహారు ఇళ్లకు తొమ్మిది కార్ల చోటే ఉంది, అద్దెకున్నవాళ్లకు దాంట్లో వాటా రాదు.

నేను ఉండగానే కరెంటు పోయింది. లిఫ్ట్ పాతది, చేత్తో లాగే ఇనుప కటకటాల తలుపు. కరెంటు పోయినప్పుడు దగ్గరి అంతస్తుకు చేరి ఆగే బ్యాటరీ పరికరం పెట్టించామని సెక్రటరీ గారు అన్నారు, ఆ రాత్రి అది పనిచేయడం కళ్లారా చూశాను. కానీ రెండో అంతస్తులో లిఫ్ట్ నేల కన్నా అంగుళంన్నర కిందే ఆగుతోంది. చేతికర్ర పట్టుకుని నడిచే మనిషికి అంగుళంన్నర చాలు పడటానికి. చెప్పాక నెలవారీ సర్వీసుకు వచ్చే అబ్బాయి సరిచేశాడు.

కరెంటు సంగతి క్లుప్తంగా చెప్తాను. వైరింగ్ పదేళ్ల కిందట మార్చారు, పింగాణీ ఫ్యూజుల బదులు ఎంసీబీలు (లోడు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్చులు) ఉన్నాయి, ఎర్తింగ్ ఉంది. కరెంటు షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ లేదు, అడిగితే పెట్టించారు. కరెంటు బిల్లు మీద ఉండే మంజూరైన లోడు 2 కిలోవాట్లు. ఏసీ, గీజర్ రెండూ పెట్టాలంటే అది సరిపోదు, పెంచుకోవడానికి కట్టే చార్జీలు ఓనరువే అని ముందే మాట్లాడుకోండి. పాత బిల్లు బకాయి లేదని కూడా చూసుకున్నాను. బాల్కనీ మొత్తం గ్రిల్ మూసేసి ఉంది, నిప్పు అంటుకుంటే బయటికి దారి లేదు. ఒక చిన్న తలుపు పెట్టించి తాళం చెవి లోపల మేకుకు తగిలించాం. అంబులెన్స్ గేటు దాకా వస్తుందా అని అడగడం మీకు అపశకునంలా అనిపించవచ్చు, ఇంట్లో డెబ్బై దాటినవాళ్లు ఉంటే అడిగి తీరాలి. పగలు వస్తుంది. రాత్రి సందుకు రెండు వైపులా బైకులు పెడతారు, అప్పుడు కష్టం.

ఇంకొక ప్రశ్న సెక్రటరీ గారిని సూటిగా అడిగాను. బిల్డర్‌కు ఇచ్చి మళ్లీ కట్టించుకునే ఆలోచన ఉందా అని. ఈ వయసు అపార్ట్‌మెంట్లలో ఈ మాట ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఓనర్లందరూ ఒప్పుకున్న రోజు అద్దెకున్నవాళ్లు ఉన్నపళంగా సామాన్లు సర్దుకోవాలి. ఇక్కడ ఒకసారి మాట వచ్చి, ఐదుగురు ఒప్పుకోక ఆగిందట. అందుకే ఖాళీ చేయమనాలంటే మూడు నెలల ముందు చెప్పాలని అగ్రిమెంట్‌లో రాయించాను.

అగ్రిమెంట్ పదకొండు నెలలకే. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్తుంది, అందుకే అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు. ఓనరు తమ్ముడికి సంతకం పెట్టే అధికారం ఇచ్చిన కాగితమూ, ఇంటి పన్ను రసీదు మీద ఓనరు పేరూ చూసుకున్నాకే అడ్వాన్స్ ఇచ్చాను, రెండు నెలల అద్దె. నీటి లీకు, పైపులు, స్లాబు, గోడల చెమ్మ ఓనరు ఖర్చు. బల్బులు, కుళాయి వాచర్లు మా ఖర్చు అని ఒక్కొక్కటే రాయించాను. ఖాళీ చేసేటప్పుడు రంగుకు ఒక నెల అద్దె పట్టుకునే అలవాటు ఇక్కడ చాలామందికి ఉంది. ‘లీకు వల్ల పాడైన గోడకు అద్దెదారు బాధ్యత లేదు’ అన్న వాక్యం చేర్చమని అడిగితే ఆయన కాసేపు మౌనంగా ఉండి, సరేనన్నారు. సామాను దింపక ముందే ప్రతి గోడకూ, ప్రతి సీలింగ్ మూలకూ ఫొటోలు తీసి ఆయనకు పంపాను.

జలమండలి 2021 నుంచి నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితంగా ఇస్తోంది గానీ, దానికి మీటర్ పనిచేస్తుండాలి, ఫ్లాటు ఫ్లాటుకూ ఆధార్ లింక్ అయి ఉండాలి. 203కి అయి ఉంది. కానివాళ్ల వాటా బిల్లు మెయింటెనెన్స్‌లో పడుతుంది, అడిగి తెలుసుకోండి.

పదికి ఏడున్నర ఇస్తాను. గాలీ వెలుతురూ, మంజీరా లైనూ, లెక్కలు బయట పెట్టే అసోసియేషనూ, 303 పెద్దాయనా వీటికి ఆ మార్కులు. తగ్గించినవి డ్రైనేజీ వాసనకూ, ఇంకా మార్చని బాత్రూం పైపులకూ, ఎవరూ బాగుచేయని ఆ టెర్రస్‌కూ. 402 ఇప్పటికీ ఖాళీగానే ఉంది. చూడటానికి వచ్చేవాళ్లు మెట్ల మీద కనిపిస్తే టెర్రస్ కూడా చూసి వెళ్లమని చెప్తున్నాను. బాత్రూం పైపులు సంక్రాంతి తర్వాత మారుస్తామని అగ్రిమెంట్‌లో ఉంది. అప్పటిదాకా బకెట్‌కు నాలుగు నిమిషాలు.

దసరా వెళ్లిన వారం పాలు పొంగించి చేరాం. నాలుగో రోజు రాత్రి పెద్ద వాన పడింది. రెండింటికి మెలకువ వచ్చి చూస్తే అమ్మ గదిలో లైటు వెలుగుతోంది. మంచం మీద కూర్చుని, తల పైకెత్తి, సీలింగ్ నాలుగు మూలలూ ఒక్కొక్కటే చూస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ‘ఏం లేదు బిడ్డా, పండుకో’ అని లైటు ఆర్పేసింది. పొద్దున లేచాక మంచాన్ని గది మధ్య నుంచి కిటికీ కింద గోడకు ఆనించి జరపమంది.